తొలినాటి అమెరికా చరిత్ర: వ్యాపారం, చట్టం, శ్రమ... ఎటువైపు నుంచి చదవడం మొదలుపెట్టాలి?

అమెరికా పౌరసత్వ పరీక్షకు చదివే మనవాళ్లకి ఒక ప్రశ్న కంఠతా వచ్చేస్తుంది. వలసల (బ్రిటన్ పాలన కింద ఉన్న అమెరికా కాలనీల) ప్రజలు బ్రిటిష్‌వాళ్ల మీద ఎందుకు తిరగబడ్డారు? పన్నులు ఎక్కువయ్యాయని చెబితే చాలు, జవాబు సరిపోతుంది. ఇక్కడ గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివేవాళ్ల నోట్సులోనూ దాదాపు ఇదే వరస: స్టాంపు చట్టం (అచ్చు కాగితాల మీద 1765లో వేసిన పన్ను), టీ పెట్టెలు, స్వాతంత్ర్య ప్రకటన. ఆ జవాబు తప్పేమీ కాదు. కానీ అక్కడే ఆగిపోతే, 1607లో ఇంగ్లిష్‌వాళ్లు వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో ఓడ దిగినప్పటి నుంచి ఆ దేశంలో పొలం దున్నిందెవరు, పీపాలు ఓడకెక్కించిందెవరు, వాళ్లకు కూలి ముట్టిందా లేదా, ముట్టకపోతే అడిగే హక్కు ఎవరికుంది అన్నవేవీ తెలియవు. నా దృష్టిలో ఆ కాలాన్ని అర్థం చేసుకోవడమంటే ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడమే.

చదవడానికి మూడు దారులున్నాయి. వ్యాపారం వెంట పోవచ్చు, చట్టం వెంట పోవచ్చు, పనిచేసే మనిషి వెంట పోవచ్చు. చివరికి మూడూ ఒకచోట కలుస్తాయి. అయినా ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించకుండా పోతుంది అన్నది మారిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చాలామందికి చట్టం దారి మంచిది, అందులోనూ చట్టాల పాఠం కన్నా కోర్టు కేసులు మంచివి. మిగతా రెండు దారుల్లోనూ వదులుకోకూడనివి చాలా ఉన్నాయి కాబట్టి, ముందు వాటి సంగతి చూద్దాం.

వ్యాపారం దారి

అన్నిటికన్నా సులువైనది ఇదే. లెక్కలుంటాయి, తేదీలుంటాయి, ఒకదాని వెనక ఒకటి కారణాలు దొరుకుతాయి. పరీక్షలో రాయడానికీ వీలుగా ఉంటుంది.

ఇంగ్లండు 1651 నుంచి వరసగా నౌకాయాన చట్టాలు చేసింది. 1660 చట్టం ప్రకారం పొగాకు, పంచదార, పత్తి, నీలిమందు, అల్లం లాంటి సరుకుల్ని వలసల వాళ్లు ఇంగ్లండుకో, ఇంగ్లిష్ వలసలకో తప్ప ఇంకెక్కడికీ పంపకూడదు. 1663లో ఇంకో ముడి వేశారు: యూరప్ సరుకు ఏదైనా ఇంగ్లండు మీదుగానే వలసలకు రావాలి. అంటే వర్జీనియాలో పొగాకు పండించే రైతుకి డచ్చి వ్యాపారి మంచి ధర ఇస్తానన్నా అమ్ముకునే వీల్లేదు. కొనేవాడూ ఒక్కడే, అమ్మేవాడూ ఒక్కడే అయిన సంతలో రైతు పరిస్థితి ఏమవుతుందో మన పొగాకు రైతులకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఆగి చూడాల్సింది మొలాసిస్ (పంచదార తీయగా మిగిలే చెరకు మడ్డి) కథ. 1733లో బ్రిటిష్ పార్లమెంటు ఫ్రెంచి దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద గాలనుకి 6 పెన్నీల సుంకం వేసింది. న్యూ ఇంగ్లండులో (అమెరికా ఈశాన్య వలసల్లో) రమ్ము కాచేవాళ్లకు ఆ మొలాసిసే ఆధారం. సుంకం నిజంగా కట్టాల్సి వస్తే వాళ్ల వ్యాపారం మూతపడేదే. కానీ మూతపడలేదు. దొంగచాటుగా దించుకున్నారు, కస్టమ్స్ వాళ్ల చేతులు తడిపారు. అలా 30 ఏళ్లు నడిచింది. 1764లో పార్లమెంటు అదే సుంకాన్ని సగానికి, 3 పెన్నీలకు తగ్గించింది. గొడవ మాత్రం అప్పుడే మొదలైంది. కారణం, ఈసారి నిజంగా వసూలు చేయాలనుకున్నారు. పట్టుబడ్డవాళ్ల కేసుల్ని జ్యూరీ లేని నౌకా కోర్టులకు పంపడానికి వీలు కల్పించారు. బోస్టన్ వ్యాపారి మీద బోస్టన్ జ్యూరీ ఎలా తీర్పు చెబుతుందో అందరికీ తెలుసు. జ్యూరీనే లేకుండా చేస్తే ఆ ధీమా పోయింది.

టీ సంగతీ ఇలాంటిదే. 1773 చట్టంతో ఈస్టిండియా కంపెనీ టీ ధర వలసల్లో తగ్గే ఏర్పాటు జరిగింది. అయినా ఆ డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ నీళ్లపాలు చేశారు. చవక టీ తాగితే పార్లమెంటు వేసిన సుంకాన్ని ఒప్పుకున్నట్టవుతుందన్నది ఒక కోపం. కంపెనీ ఎంపిక చేసిన కొద్దిమంది ఏజెంట్ల చేతికే వ్యాపారమంతా పోతుందన్నది మరో కోపం, స్మగ్లింగ్ చేసేవాళ్ల పొట్ట కొట్టడం దీనికి తోడు. "పన్నులు ఎక్కువయ్యాయి" అన్న జవాబు ఎంత పైపైన ఉందో ఈ రెండు ఉదాహరణలతోనే తెలుస్తుంది. టీ చైనాది. దాన్ని అమ్ముకోలేక గోదాముల్లో పోగేసుకున్న కంపెనీ మాత్రం మనకు బాగా తెలిసినదే. అప్పటికి కొన్నేళ్ల కిందటే, 1766లో, నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారుల్లో కాలు పెట్టింది.

మన తీరానికి ఇంతకన్నా పాత సంబంధం ఇంకొకటి ఉంది. 1649లో బోస్టన్‌లో పుట్టిన ఎలీహూ యేల్ కంపెనీ కొలువులో చేరి 1687 నుంచి 1692 వరకు మద్రాసు కోటకు అధిపతిగా ఉన్నాడు. 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కాలేజీకి పుస్తకాలతో పాటు బట్టల బేళ్లు పంపాడు. వాటిని అమ్మగా వచ్చిన 562 పౌన్లతో భవనం లేచింది, కాలేజీకి ఆయన పేరు పడింది. ఆయన సంపాదనకు మూలం కోరమాండల్ తీరపు వ్యాపారం, అందులో ముఖ్యమైనది నేత బట్ట. మచిలీపట్నంలో కంపెనీ 1611 నుంచే కొనుగోళ్లు చేస్తోంది. ఆయన హయాంలో మద్రాసు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించిన రికార్డులూ ఉన్నాయి. మన దేశపు నూలు బట్టలు పశ్చిమాఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి మారకంగా కూడా చెల్లేవి. ఇవి తెలిశాక అమెరికా చరిత్ర ఎక్కడో దూరాన జరిగినట్టు అనిపించదు.

మరి ఈ దారిలో లోటేమిటి? చిట్టాల్లో, ఆవర్జాల్లో సరుకు పేరుంటుంది, ధర ఉంటుంది, మనిషి ఉండడు. ఒక లెక్క చూడండి. అట్లాంటిక్ బానిస ఓడల ప్రయాణాలు 36,000కు పైగా ఒక ఉచిత డేటాబేస్‌లో దొరుకుతాయి. ఆ పరిశోధన అంచనా ప్రకారం ఆఫ్రికా నుంచి ఓడలెక్కించినవాళ్లు సుమారు కోటీ 25 లక్షలు. నేటి అమెరికా ప్రధాన భూభాగానికి నేరుగా చేరినవాళ్లు 4 లక్షల లోపే. కానీ 1790 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 7 లక్షలు, 1860 నాటికి 40 లక్షలకు దగ్గర. దిగుమతి లెక్కతో ఈ పెరుగుదల అంతుపట్టదు. అక్కడే పుట్టిన పిల్లలు పుట్టుకతోనే బానిసలయ్యారు కాబట్టి ఆ సంఖ్య వచ్చింది. అలా కావాలని నిర్ణయించింది ఒక చట్టం. దాని దగ్గరికి వస్తాను.

శ్రమ దారి

మనసుకు దగ్గరగా ఉండే దారి ఇది. కష్టమైనది కూడా ఇదే. పనిచేసినవాళ్లలో చాలామందికి రాయడం రాదు, వచ్చినవాళ్ల రాతలు మిగల్లేదు. వాళ్ల గురించి మనకు తెలిసేది ఎక్కువగా యజమానుల రాతల్లోంచే.

ముందు ఎన్ని రకాల పనివాళ్లున్నారో విడదీసి చూసుకోవాలి. ఓడ ఖర్చులు లేక నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేస్తానని కాగితం రాసిచ్చి వచ్చిన ఒప్పంద సేవకులు. 21 ఏళ్లు వచ్చేదాకా మాస్టారి ఇంట్లో ఉండి పని నేర్చుకునే అప్రెంటిస్‌లు. రోజు కూలీలు, నావికులు. జీవితాంతం, తరతరాలుగా బానిసలు. వీళ్లందరినీ "పేద శ్రామికులు" అని ఒకే గాటన కట్టేస్తే అసలు విషయం చేజారిపోతుంది. ఎందుకంటే ఒక రకానికీ మరో రకానికీ మధ్య గీత ఎప్పుడు, ఎవరు గీశారన్నదే ఆ కాలపు చరిత్రలో పెద్ద ప్రశ్న.

ఒప్పంద సేవకుల గురించి చదువుతుంటే మన గిర్మిటియాలు గుర్తుకు రావడం సహజం. 1834 తర్వాత కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచి మారిషస్‌కు, తర్వాత నాటాల్‌కు, ఫిజీకి వెళ్లిన మనవాళ్లదీ కాలపరిమితి ఉన్న ఒప్పందమే. పోలిక నిజమైనదే, తేడాలు కూడా చూడాలి. వర్జీనియాలో 1618 నుంచి ఒక మనిషిని ఓడ ఖర్చు పెట్టుకుని తీసుకొచ్చినవాడికి 50 ఎకరాల భూమి వచ్చేది. అంటే సేవకుడి వల్ల యజమానికి చాకిరీతో పాటు ఆస్తి కూడా దక్కింది. చాలా సందర్భాల్లో ఆ ఒప్పందాన్ని ఓడ కెప్టెన్ రేవులో ఎవరు ఎక్కువిస్తే వాళ్లకు అమ్మేసేవాడు. చేతులు మారే సరుకన్నమాట.

ఈ దారిలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా అనిపించేవి పత్రికల్లో వచ్చిన "పారిపోయాడు" ప్రకటనలు. ఒకటి దగ్గరగా చూద్దాం. 1769 సెప్టెంబర్‌లో వర్జీనియా గెజెట్‌లో అచ్చయింది. ఆల్బెమార్ల్ నుంచి శాండీ అనే బానిస పారిపోయాడు. వయసు సుమారు 35, పొట్టి, కాస్త లావు, చామనఛాయ. బూట్లు కుట్టే పనివాడు, ఎక్కువగా ఎడమచేతితో కుడతాడు. మోటు వడ్రంగం చేయగలడు, గుర్రాల పనీ తెలుసు. తాగుతాడు, తాగితే ఎదురు తిరుగుతాడు, బూతులు మాట్లాడతాడు. వెళ్తూ వెళ్తూ ఒంటినిండా గాయాల మచ్చలున్న తెల్ల గుర్రాన్ని, బూట్లు కుట్టే పనిముట్లను తీసుకుపోయాడు. ఆ పనే వెతుక్కుంటాడేమో. జిల్లాలోనే పట్టుకుంటే 40 షిల్లింగులు (అంటే 2 పౌన్లు), వలసలో మరెక్కడైనా అయితే 4 పౌన్లు, ఇంకో వలసలో అయితే 10 పౌన్లు బహుమానం. కింద సంతకం థామస్ జెఫర్సన్.

మనుషులంతా సమానంగా సృష్టించబడ్డారని ఏడేళ్ల తర్వాత స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన మనిషే ఇది రాశాడు. అందరూ అక్కడే ఆగిపోతారు. నేను మాత్రం శాండీ దగ్గర ఆగమంటాను. యజమాని రాసిన నాలుగు వాక్యాల్లో శాండీ బతుకు బయటపడుతోంది చూడండి. అతని చేతిలో విద్య ఉంది, దానికి బయట గిరాకీ ఉందని అతనికి తెలుసు, అందుకే పనిముట్లు వదల్లేదు. "ఎదురు తిరుగుతాడు" అన్న నింద వెనక ఊరుకోని మనిషి కనిపిస్తాడు. దూరం పెరిగేకొద్దీ బహుమానం ఎందుకు పెరిగిందంటే, పక్క వలసలోకి వెళ్తే పట్టుకోవడం అంత కష్టం కాబట్టి. శాండీ దొరికాడు. 1773లో జెఫర్సన్ అతన్ని 100 పౌన్లకు అమ్మేశాడు.

ఇలాంటి ప్రకటనలు వేలల్లో ఉన్నాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్వయంగా అన్న దగ్గర అప్రెంటిస్‌గా ఉంటూ 1723లో గడువు తీరకముందే బోస్టన్ నుంచి పారిపోయినవాడు. తర్వాత ఆయన నడిపిన పత్రికలోనే పారిపోయిన సేవకుల, బానిసల ప్రకటనలు డబ్బు తీసుకుని వేశారు. ఒక్కో ప్రకటన చదవడానికి నిమిషం చాలు. కానీ వీటితోనే మొదలుపెడితే, ఒకరికి ఏడేళ్ల చాకిరీ, మరొకరికి జీవితాంతం చాకిరీ ఎందుకు అనేది బోధపడదు. ప్రకటనకు ముందు జరిగినదంతా దాని బయటే ఉండిపోతుంది.

చట్టం దారి, నా ఓటు దీనికే

చట్టాలంటే పొడి పొడిగా ఉంటాయని భయపడేవాళ్లకు ఒక మాట. సెక్షన్లు బట్టీ పట్టమని అనడం లేదు. కేసులు చదవమంటున్నాను. కేసులో పేరున్న మనిషి ఉంటాడు, తగువు ఉంటుంది, తీర్పు ఉంటుంది. చదవడం రానివాడి మాట కాగితమెక్కే చోటు ఆ రోజుల్లో కోర్టు ఒక్కటే. వ్యాపారికి ఏం కావాలో, పనివాడు ఏం కాదన్నాడో రెండూ ఒకే పేజీలో దొరుకుతాయి.

1640 జూలైలో వర్జీనియా కోర్టు ముందుకు ముగ్గురు సేవకుల్ని తెచ్చారు. హ్యూ గ్విన్ అనే యజమాని దగ్గర్నుంచి మేరీలాండుకు పారిపోయి పట్టుబడ్డారు. ముగ్గురి నేరం ఒకటే. విక్టర్ అనే డచ్చివాడికి, జేమ్స్ గ్రెగరీ అనే స్కాట్లండువాడికి కొరడా దెబ్బలతో పాటు నాలుగేళ్ల అదనపు సేవ పడింది: ఒక ఏడాది యజమానికి, మూడేళ్లు వలస ప్రభుత్వానికి. మూడోవాడు జాన్ పంచ్, నల్లజాతివాడు. అతను జీవితాంతం సేవ చేయాలన్నారు. అప్పటికి వర్జీనియాలో బానిసత్వం గురించి చట్టమేదీ రాయలేదు. ముందు తీర్పు వచ్చింది, చట్టం తర్వాత వచ్చింది. గీత ఎప్పుడు గీశారని పైన అడిగానే, అది పడటం మొదలైన చోట్లలో ఇదొకటి.

ఆ తర్వాత ఎలిజబెత్ కీ. తండ్రి థామస్ కీ ఇంగ్లిష్‌వాడు, వలస శాసనసభ సభ్యుడు. తల్లి ఆఫ్రికన్. తండ్రి కొన్నేళ్ల గడువుతో ఎలిజబెత్‌ని ఒకరి దగ్గర ఉంచాడు. గడువు దాటిపోయి చాలా ఏళ్లయినా విడుదల కాలేదు. చివరికి ఆమెను బానిసగానే ఆస్తిలో లెక్కగట్టబోయారు. ఆమె నార్తంబర్లండ్ కౌంటీ కోర్టుకెక్కింది. మూడు వాదనలు: నా తండ్రి స్వేచ్ఛాపౌరుడైన ఇంగ్లిష్‌వాడు, నేను బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవురాలిని, నా ఒప్పంద కాలం ఎప్పుడో తీరిపోయింది. పై కోర్టులకు వెళ్లి తిరిగొచ్చిన ఆ కేసు 1656లో ఆమె గెలిచింది. వాదించిన విలియం గ్రిన్‌స్టెడ్‌ను తర్వాత పెళ్లి చేసుకుంది.

ఆరేళ్లకు, 1662లో, వర్జీనియా శాసనసభ ఒక చట్టం చేసింది. ఇంగ్లిష్‌వాడికి నల్లజాతి స్త్రీ వల్ల పుట్టిన పిల్లలు బానిసలా, స్వేచ్ఛాపౌరులా అన్న సందేహాలొచ్చాయని మొదట్లోనే రాసుకుని, ఇకమీదట పిల్లల స్థితి తల్లి స్థితిని బట్టే ఉంటుందని తేల్చింది. ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డ హోదా తండ్రి నుంచి వచ్చేది. ఇక్కడ దాన్ని తిరగేశారు. 1667లో మరో చట్టం: బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన బానిస స్థితి మారదు. ఎలిజబెత్ ఏ గుమ్మాల్లోంచి బయటపడిందో ఆ గుమ్మాలకు ఒక్కొక్కటిగా తాళాలు పడ్డాయి. 7 లక్షలు, 40 లక్షలు అన్న లెక్క వెనక ఉన్నది ఆ 1662 నాటి రెండు మూడు వాక్యాలే. యజమానికి ప్రతి పుట్టుకా ఆస్తి అయింది.

చట్టమే అన్నీ చెప్పేస్తుందని కాదు. చట్టంలో రాసి ఉన్నంత మాత్రాన అది జరిగిందని అనుకోకండి. మొలాసిస్ సుంకం 30 ఏళ్లు కాగితం మీదే ఉండటం చూశాం. దక్షిణ కరొలైనాలో 1739లో స్టోనో దగ్గర జరిగిన బానిసల తిరుగుబాటు తర్వాత 1740లో వచ్చిన చట్టం బానిసల చేత వేసవిలో రోజుకు 15 గంటలకు మించి, మిగతా కాలంలో 14 గంటలకు మించి పని చేయించకూడదంది. చదివితే దయగల చట్టంలా ఉంటుంది. అదే చట్టంలో బానిసలకు రాయడం నేర్పితే జరిమానా ఉంది. తెల్లవాళ్లకు వ్యతిరేకంగా బానిస సాక్ష్యం కోర్టులో చెల్లదు కూడా. మరి 16 గంటలు పనిచేయించారని ఫిర్యాదు చేసేదెవరు? ఇందుకే నేను చట్టం పాఠం కన్నా కేసు ముందు చదవమనేది.

మూడు దారులూ కలిసే కేసులు రెండు చెబుతాను.

మొదటిది వర్జీనియా పాస్టర్ల జీతాల తగువు. అక్కడ పొగాకే డబ్బు. చర్చి పాస్టరుకు ఏడాదికి 16,000 పౌండ్ల (తూకం) పొగాకు జీతం. 1758లో పంట పోయి పొగాకు ధర దాదాపు మూడింతలైంది. జీతం పొగాకులోనే ఇస్తే పాస్టర్ల పంట పండినట్టే. అందుకని శాసనసభ పౌండుకు 2 పెన్నీల చొప్పున నగదు ఇస్తే చాలంది. ఇంగ్లండు రాజు ఆ చట్టాన్ని కొట్టేశాడు. జేమ్స్ మౌరీ అనే పాస్టరు బకాయి కోసం దావా వేశాడు. 1763 డిసెంబర్‌లో హానోవర్ కోర్టులో అవతలి పక్షాన వాదించింది, తర్వాత స్వాతంత్ర్య పోరాటంలో పేరుమోసిన, 27 ఏళ్ల ప్యాట్రిక్ హెన్రీ, పీఠం మీద కూర్చున్నది అతని తండ్రే. ప్రజల మేలు కోసం చేసిన చట్టాన్ని కొట్టేసిన రాజు, ప్రజల విధేయతను కోల్పోతాడని వాదించాడు. జ్యూరీ మౌరీకి అనుకూలంగానే తీర్పిచ్చి, నష్టపరిహారం ఒక్క పెన్నీ వేసింది. సరుకు ధర, చేసిన పనికి జీతం, చట్టం మీద ఎవరి మాట చెల్లాలన్న తగువు, మూడూ ఒకే గదిలో. స్టాంపు చట్టానికి ఇంకా రెండేళ్ల సమయముంది.

రెండోది ఫిలడెల్ఫియా బూట్ల పనివాళ్ల కేసు. 1794లో కూలికి బూట్లు కుట్టేవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఊరి గిరాకీకి కుట్టే బూట్లకు ఒక రేటు, దూరపు మార్కెట్లకు పంపే బూట్లకు తక్కువ రేటు అన్నారు యజమానులు. పోటీ పెరిగింది, చవగ్గా అమ్మాలి. కుట్టడానికి పట్టే శ్రమ ఒకటే కదా అన్నారు పనివాళ్లు. 1805లో సమ్మె, 1806లో కేసు. ఎనిమిది మంది మీద ఆరోపణ ఏమిటంటే, కూలి పెంచుకోవడానికి కుట్రగా కలిశారని. ఒక్కడు ఎక్కువ కూలి అడిగితే తప్పు లేదు, కలిసి అడిగితే నేరం. జ్యూరీ దోషులంది. తలా 8 డాలర్ల జరిమానా, పైగా కోర్టు ఖర్చులు. విచారణ షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించి అదే ఏడాది అచ్చు వేశారు కాబట్టి ఇరుపక్షాల వాదనలూ ఇప్పటికీ చదవొచ్చు. స్వాతంత్ర్యం వచ్చి 30 ఏళ్లయింది. అయినా ఇంగ్లండు నుంచి వచ్చిన పాత న్యాయసూత్రం స్వతంత్ర దేశంలో చెల్లుతుందా అన్న వాదన అందులో ఎంత గట్టిగా జరిగిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

పక్కన శాండీని కూడా పెట్టుకుని చూడండి. అతనిదీ బూట్లు కుట్టే పనే. ఒకరికి కలిసి కూలి బేరమాడే హక్కు లేదు, మరొకరికి తన ఒంటి మీదే హక్కు లేదు. ఇద్దరి మధ్యా ఎంత దూరం ఉందో, ఎంత దగ్గర ఉందో ఒక్క "శ్రమ" అన్న మాటతో తేలదు. చట్టం ఎవరిని ఏమని పిలిచిందో చూస్తేనే తేలుతుంది.

ఏ ప్రాంతం తీసుకోవాలి

పదమూడు వలసల్నీ ఒకేసారి పట్టుకోవద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒక్క ప్రాంతం ఎంచుకోండి.

నేనైతే వర్జీనియా అంటాను. పొగాకు అనే ఒకే సరుకు, 1619లో మొదటి శాసనసభ, అదే ఏడాది ఆగస్టులో "ఇరవై మందికి పైగా" ఆఫ్రికన్లను దించిన ఓడ, 1676లో తెల్ల సేవకులూ నల్లవాళ్లూ కలిసి కత్తులు పట్టిన బేకన్ తిరుగుబాటు, 1705 నాటి బానిస చట్టాల సంకలనం. వరసగా చదివితే ఒక వ్యవస్థ కళ్లముందే కట్టుబడుతుంది.

స్వేచ్ఛ ఎలా వచ్చిందో చూడాలంటే మసాచుసెట్స్ మంచిది. అక్కడ 1780 రాజ్యాంగం మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుడతారంది. మరుసటి ఏడాదే బెట్ అనే బానిస స్త్రీ ఆ మాట పట్టుకుని కోర్టుకెళ్లి గెలిచింది. ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు మార్చుకుంది. క్వాక్ వాకర్ అనే బానిస స్వేచ్ఛ గురించి నడిచిన కేసులు 1783లో ముగిసేసరికి అక్కడి బానిసత్వానికి చట్టబద్ధమైన ఆధారం పోయింది. సముద్ర వ్యాపారం, అక్కడి సేలం రేవు ఓడలు ఇండియాకు రావడం మీద ఆసక్తి ఉన్నవాళ్లకూ ఇదే చోటు. కూలి, సంఘాలు అంటే ఫిలడెల్ఫియా. దక్షిణ కరొలైనాను మాత్రం రెండో విడతకు ఉంచుకోండి. వరి సాగు, తెల్లవాళ్లకన్నా నల్లవాళ్లే ఎక్కువగా ఉన్న సమాజం, పని లెక్కగట్టి అప్పగించే పద్ధతి, అన్నీ లోతైన విషయాలే, కొత్తవాళ్లకు బరువవుతాయి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

పోటీ పరీక్షకు చదువుతున్నారా? సమయం తక్కువ, వ్యాపారం దారే పట్టుకోండి. 1660, 1733, 1764, 1765 (స్టాంపు చట్టం), 1767 (గాజు, కాగితం, టీ లాంటి దిగుమతుల మీద సుంకాలు వేసిన టౌన్‌షెండ్ చట్టాలు), 1773 అన్న వరస మీద పట్టు సాధించండి. ప్రతి తేదీ పక్కన "దీన్ని అమలు చేసే కోర్టు ఏది?" అని రాసుకుంటే చాలు, మీ జవాబు గుంపులో కలవదు.

అమెరికాలో హైస్కూల్లో ఆ దేశ చరిత్ర చదివే పిల్లలున్న అమ్మానాన్నలు పిల్లలతో కలిసి పారిపోయినవాళ్ల ప్రకటనలు చదవండి. ఒక పేజీ చాలు. ఇది రాసిందెవరు, దాచిందేమిటి అని పిల్లల్ని అడగండి. ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని, వాళ్ల క్లాసులోనూ పనికొస్తుంది.

లా చదివేవాళ్లకు నేను చెప్పేదేముంది, 1806 కేసు, దాని పక్కనే 1842లో మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యూల్ షా బోస్టన్ బూట్ల పనివాళ్ల కేసులో ఇచ్చిన తీర్పు. సంఘం పెట్టుకోవడమే నేరం కాదు, ఉద్దేశమో మార్గమో నేరమైతేనే నేరం అన్నాడాయన. రెండూ కలిపి చదివితే 36 ఏళ్లలో ఏం మారిందో కనిపిస్తుంది.

ఏ పరీక్షా లేకుండా, తెలుసుకోవాలన్న కోరికతో చదివేవాళ్లు ఎలిజబెత్ కీ కేసుతో మొదలుపెట్టండి. వర్జీనియాకు సంబంధించిన ఉచిత ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆ కేసు పత్రాలు, పంచ్ తీర్పు, 1662 చట్టం వివరణతో సహా దొరుకుతాయి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైటులో జెఫర్సన్, ఫ్రాంక్లిన్ల ఉత్తరాలు ఉచితం. పాత చట్టాల పాఠాలకు యేల్ లా స్కూల్ వాళ్ల సంకలనం చాలు. పాత ఇంగ్లిష్ స్పెల్లింగు మొదట్లో ఇబ్బంది పెడుతుంది. పైకి చదివితే అర్థమైపోతుంది.

వీటిలో దేనితో మొదలుపెట్టినా నెల తిరిగేలోగా అమెరికా రాజ్యాంగం మొదటి ఆర్టికల్ తీసి తొమ్మిదో సెక్షన్ చదవండి. ఇప్పుడున్న రాష్ట్రాలు రానివ్వదలచుకున్న "వ్యక్తుల" రాకను లేదా దిగుమతిని 1808కి ముందు కాంగ్రెస్ నిషేధించకూడదు, కానీ ఒక్కో వ్యక్తి మీద 10 డాలర్లకు మించకుండా సుంకం వేయొచ్చు అంటుంది. బానిస అన్న మాట అందులో ఎక్కడా లేదు. పొగాకు మీద, మొలాసిస్ మీద సుంకాల గురించి చదివి వచ్చినవాళ్లకు, జాన్ పంచ్ తీర్పు చదివి వచ్చినవాళ్లకు ఆ వాక్యం ఏం చేస్తోందో వివరించాల్సిన పని ఉండదు.